జక్కయ్య బావ రెండో సాక్ష్యం

మా జక్కయ్య బావ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి చేతికి దేవుడు మైకు సెట్టు ఇచ్చాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పామర్రు చుట్టుపక్కల పెళ్ళయినా, వినాయక చవితి పందిరైనా, క్రిస్మస్ ఆరాధన అయినా, ఓట్ల మీటింగైనా బావ వచ్చి హారన్లు కట్టాల్సిందే. కట్టి ఊరుకుంటాడా? మైకు టెస్టింగ్ అనే వంకతో ఊరి కబుర్లన్నీ చెప్పేస్తాడు. ఎవరి గేదె ఈనింది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది, రేషన్ షాపుకి కందిపప్పు వచ్చిందా లేదా, అన్నీ. మా అక్క కృప నెల తప్పిన సంగతి మా అమ్మకి తెలిసింది కూడా శ్రీరామనవమి పందిట్లోంచే. ఆ రోజు మా అమ్మ సిగ్గుతో బజారుకి పోలేదు.

ఆయన నాకు అక్క మొగుడే కాదు, మా మేనత్త కొడుకు కూడా. సైకిల్ నేర్పిస్తానని చిన్నప్పుడు నన్ను కాలవగట్టు మీదికి తీసుకెళ్ళి తిన్నగా కాలవలో పడేసిన మనిషి. అందుకే నేను ఆయన్ని ఏమన్నా అంటాను, ఆయనకి కోపం రాదు. పామర్రు సెంటర్లో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆ పక్కదే బావ కొట్టు. నా మిషను చప్పుడు ఆయనకీ, ఆయన పాటల మోత నాకూ ఏళ్ళుగా అలవాటు.

బావకి ఒక పిచ్చి నియమం ఉండేది. కార్యక్రమం నడుస్తున్నంతసేపూ ఆంప్లిఫయరు ముందు నుంచి లేవడు. లేస్తే ఎవరో ఒకరు మీటలు తిప్పేసి మైకుని కీచుమనిపిస్తారని భయం. లేవకూడదు కనక నీళ్ళు తాగడు. నడి ఎండాకాలం, రేకుల పందిరి కింద, గొంతు తడుపుకునేటన్ని నీళ్ళతో రోజంతా లాగించేస్తాడు. ఊరి చుట్టూ కాలవలు పారుతుంటే మధ్యలో ఈ మనిషి మాత్రం ఎండిన బోదెలా ఉండేవాడు. అక్క ఇచ్చిన నీళ్ళ సీసా సాయంత్రం దాదాపు నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. అక్క తిట్టేది. ఆయన ఆ తిట్లు కూడా మర్నాడు మైకులో చెప్పేవాడు.

అలా చేసీ చేసీ ఎడమ కిడ్నీలో రాయి తయారు చేసుకున్నాడు. మొదటి నొప్పి ఒక పెళ్ళిలో వచ్చింది. జీలకర్ర బెల్లం పెడుతుండగా నడుం పట్టుకుని ఆంప్లిఫయరు మీదికి ఒరిగిపోయాడు. పక్కనే మైకు ఆన్‌లో ఉండటంతో ఆ మూలుగు పెళ్ళివారందరికీ వినపడింది. ఇంక ఊరు ఊరంతా డాక్టర్లే. కొండపిండాకు పప్పు తినమన్నారు, అరటిదవ్వ రసం తాగమన్నారు, ఉలవకట్టు మంచిదన్నారు. అక్క అన్నీ చేసి పెట్టింది. బావ అన్నీ తిని, వాటిలో ఏది రుచిగా ఉందో కూడా ఊరికి చెప్పాడు. రాయి మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

చివరికి విజయవాడ తీసుకెళ్ళాం. గవర్నర్‌పేటలో దిగి, మా ఊరి వాళ్ళు ఎవరో చెప్పిన ఆస్పత్రి వెతుక్కుంటూ వెళ్ళాం. పవన్‌కుమార్ అని చిన్న వయసు డాక్టరు. స్కానింగ్ చూసి నిదానంగా చెప్పాడు. "రాయి పెద్దదండీ, దానంతటది పోయేది కాదు. పొట్ట కోసి తెరవక్కర్లేదు. వీపు వైపు నుంచి చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి గొట్టం పంపి, రాయిని పొడి చేసి బయటికి తీసేస్తాం."

కోయక్కర్లేదన్న మాట ఒక్కటే బావకి వినపడింది. మాకూ అంతే. రంధ్రం చిన్నది కాబట్టి ఆపరేషను కూడా చిన్నదే అనుకున్నాం. చెవులు కుట్టించుకోడానికి వెళ్ళినట్టు వెళ్ళాం. ఆ రంధ్రం నెత్తురు పారే చోట్లోంచి కిడ్నీ లోపలి దాకా పోతుందన్న సంగతి మాలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికి పంపేముందు డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. "లోపల సన్నని గొట్టం ఒకటి ఉంచాం, స్టెంటు అంటారు. కొన్ని వారాలయ్యాక తీసేస్తాం. అప్పటిదాకా మూత్రం ఒకోసారి లేత ఎరుపులో వచ్చినా కంగారు లేదు. కానీ చిక్కగా ఎర్రగా వచ్చినా, గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోకూడదండీ. వెంటనే బయల్దేరి వచ్చేయాలి. చిన్న చిన్న ముక్కలు ఒకటీ అరా మిగిలుండొచ్చు, అవి తర్వాత చూద్దాం. బరువులెత్తొద్దు, నీళ్ళు బాగా తాగండి."

బావ బుద్ధిమంతుడిలా తలూపాడు. నర్సు వచ్చి, తీసిన రాళ్ళ ముక్కలు చిన్న ప్లాస్టిక్ డబ్బీలో వేసి చేతికిచ్చింది. ఆ తర్వాత బావ కళ్ళు డాక్టరు మీద లేవు. డబ్బీ మీదే ఉన్నాయి.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. జబ్బు చేసి లేచినవాళ్ళు ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. మేం అయ్యగారనే పాస్టరునీ, సంఘాన్నీ పిలుస్తారు. పాటలూ ప్రార్థనా అయ్యాక ఆ బాగుపడిన మనిషి లేచి, దేవుడు తనకి చేసిన మేలు నలుగురి ముందూ చెప్పుకుంటాడు. దాన్నే సాక్ష్యం అంటాం. ఎవరూ బలవంతపెట్టరు. కానీ ఒకసారి చెప్పాక ఆ మాట చెప్పిన మనిషి ఒక్కడిదే కాదు, సంఘం అందరిదీ అవుతుంది. ఇంకెవరికో కష్టం వస్తే ఆ మాట తలుచుకుని ధైర్యం తెచ్చుకుంటారు. అందుకే చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మామూలుగా మనిషి పూర్తిగా తేరుకున్నాకే ఈ కూడిక పెడతారు. బావకి అంత ఓపిక ఎక్కడిది? వీపు మీద కట్టు తీయకముందే తేదీ చెప్పేశాడు.

"ఆ గొట్టం తీసేశాక పెట్టుకుందామండీ, తొందరేముంది?" అంది అక్క.

"దేవుడికి థాంక్స్ చెప్పడానిక్కూడా డాక్టర్ని అడగాలా కృపా?" అన్నాడు బావ.

ఇంటి ముందు షామియానా వేశారు. పలావు, కోడికూర, పెరుగు పచ్చడి. రెండు హారన్లు కట్టి, ఒకటి బస్టాండు వైపు తిప్పి పెట్టాడు. మా అయ్యగారు యేసుకుమార్ గారు బావ సంగతి ఎరిగినవారు కనక వాక్యం క్లుప్తంగా చెప్పి కూర్చున్నారు. బావ తెల్ల పంచె, తెల్ల చొక్కాతో పెళ్ళికొడుకులా లేచాడు. చేతిలో డబ్బీ.

"ప్రియులారా, నన్ను ఏడిపించిన రాయి ఇదిగో, చూడండి" అని డబ్బీని జనంలోకి పంపాడు. అది చేతులు మారుతూ చాపల మీదుగా తిరిగింది. పిల్లలు ఊపి చప్పుడు విన్నారు. ముసలివాళ్ళు వెలుగుకి ఎత్తి చూశారు. బావ గొంతు పెంచాడు. "కత్తి తగల్లేదు! నెత్తురు చుక్క కారలేదు! ఇసకరేణువంత కూడా మిగల్చకుండా నా ప్రభువు తీసేశాడు! ఈ జక్కయ్య ఇంక జన్మలో ఆస్పత్రి గడప తొక్కడు!"

అందరూ హల్లెలూయా అన్నారు. నేను కూడా అన్నాను. బావ అలా చెబుతుంటే ఎవరికైనా అనబుద్ధేస్తుంది. కానీ డాక్టరు మిగిలుండొచ్చన్న ముక్కలూ, ఇంకా లోపలే ఉన్న గొట్టమూ ఆ సాక్ష్యంలో ఎక్కడా రాలేదు. నేను అక్క వైపు చూశాను. అక్క పలావు గిన్నె వైపు చూసింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే బావ నోరు మూతపడింది. కొట్టు తెరిచేవాడు, కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాడు. పాటల్లేవు, కబుర్లు లేవు. సెంటర్లో ఇద్దరు ఆటోవాళ్ళు తగువులాడుకుని పోలీసులొచ్చినా బయటికొచ్చి చూడలేదు. తెల్ల పంచె తప్ప ఇంకోటి కట్టని మనిషి నల్ల లుంగీలోకి దిగాడు.

"ఏంటి బావా, అయ్యప్ప మాల గానీ వేశావా?" అన్నాను.

"తెల్లవి ఉతకలేక మీ అక్క చస్తందే" అన్నాడు.

"ఓహో, పెళ్ళాం మీద జాలి కూడా పుట్టిందే! ఆ రాయితో పాటు ఇంకేదో తీసేసినట్టున్నారు."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఆపరేషను నీరసం అనుకుని నా జాకెట్ల పనిలో నేను పడిపోయాను.

ఆ రోజుల్లో ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. అప్పటికే చిక్కగా ఎర్రగా పడుతోంది. మధ్య మధ్య గడ్డలు. డాక్టరు చెప్పిన ముక్క ఒక్కటీ ఆయన మర్చిపోలేదు. కొట్టు దిగి రోడ్డు దాటితే విజయవాడ బస్సు. కానీ నెత్తురు చుక్క కారలేదని ఊరంతా వినేట్టు చెప్పిన మనిషి, ఇప్పుడు నెత్తురు పడుతోందని ఏ నోటితో చెబుతాడు? జక్కయ్య సాక్ష్యం తేలిపోయిందని నవ్వుతారు. తనని చూసి నవ్వితే ఆయనకి లెక్క లేదు, పుట్టినప్పట్నించీ నవ్విస్తూనే ఉన్నాడు. దేవుణ్ణి చూసి నవ్వుతారని ఆయన బెంగ. అందుకని ఇంట్లో బాత్రూం మానేసి, కొట్టు వెనక దొడ్లోకి పోయి, బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టి వచ్చేవాడు. ఎలాగైనా ఆపమని ఆ దేవుణ్ణే బతిమాలుకునేవాడు. బతుకులో ఏదీ దాచని మనిషి దాచకూడనిదాన్నే దాచాడు.

ఆదివారం పొద్దున అందరం కలిసి చర్చికి వెళ్దామని నేను వాళ్ళింటికి వెళ్ళాను. అక్క బైబిలు సంచీ సర్దుకుని నిలబడి ఉంది. బావ బాత్రూంలోకి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. అక్క తలుపు తట్టింది. లోపల్నించి మూలుగు తప్ప జవాబు లేదు. ఇద్దరం కలిసి తోశాం. బావ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమటలు, పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. గడ్డలు అడ్డం పడి తెల్లవారినప్పట్నించీ ఎర్రటి చుక్కలు తప్ప మూత్రం రావడం లేదు. కింద నేలంతా ఎర్రగా ఉంది.

అక్క ఆ నేల చూసి, "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"అంతమందిలో చెప్పాను కదా కృపా, దేవుడు పూర్తిగా బాగుచేశాడని. ఇప్పుడు మళ్ళీ ఆస్పత్రికి పోతే ఆయన పరువేం కావాలి?"

మా అక్క పెళ్ళయిన నాటి నుంచీ బావని మీరు అనే అంటుంది. మేనత్త కొడుకే అయినా నోరు జారి ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. ఆ పొద్దున అంది.

"దేవుడి పరువు దేవుడు చూసుకుంటాడు. నువ్వు నా మొగుడివి. నిన్ను నేను చూసుకోవాలి. లే!"

పక్కింటి కిరీటి కారు తీశాడు. ఇద్దరం చెరోపక్కా పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఆ నొప్పిలో కూడా బావ, "అద్దాలెత్తెయ్ కిరీటీ, చర్చికి పోయేవాళ్ళు చూస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఉయ్యూరు దాటేదాకా స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా అమ్మా అని అరిచాడు. కంకిపాడు దగ్గరకొచ్చేసరికి అరవడం కూడా మానేశాడు. అక్క ఆయన చెంపలు తడుతూ, "మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉంది. ఆయన్ని మాట్లాడమని అక్క బతిమాలడం నేను వినడం అదే మొదలు.

ఆస్పత్రిలో ముందు గొట్టం వేసి, సెలైనుతో కడిగి గడ్డలు తీశారు. పొత్తికడుపు నొప్పి తగ్గింది గానీ నెత్తురు ఆగలేదు. బీపీ పడిపోయింది. స్కానింగులు చేయించి డాక్టరు మా దగ్గరికొచ్చాడు.

"మేం రంధ్రం పెట్టిన దారిలో చిన్న రక్తనాళం ఒకటి దెబ్బతిందండీ. అప్పటికప్పుడు తెలియదు. మెల్లగా బుడగలా ఉబ్బి, కొన్నాళ్ళయ్యాక కారడం మొదలెడుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఎక్కడో కొద్దిమందికి ఇలా అవుతుంది. అందుకే గడ్డలు పడితే వెంటనే రమ్మన్నాను. తొడ దగ్గర్నించి సన్నని తీగలాంటి గొట్టం పంపించి ఆ నాళాన్ని లోపలే మూసేస్తాం. చాలామందికి దాంతో ఆగిపోతుంది. ఆగకపోతే కిడ్నీ తీసేయాల్సి రావచ్చు. చాలా రక్తం పోయింది. ప్రాణానికి భయం లేదని ఇప్పుడే చెప్పలేను."

అక్క కుర్చీలో కూలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నోరున్నది ఆయనకి గానీ మాకెక్కడుంది?

ఆరాధన ముగించుకుని అయ్యగారు వచ్చేశారు. వస్తూనే చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇవ్వడానికి పోయారు. ఆయన వెనకే కిరీటి. బావని స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్తుంటే అయ్యగారు పక్కనే నడిచారు. బావ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, నా సాక్ష్యం అబద్ధమైపోయిందాండీ?"

నేనైతే అక్కడే చెంప పగలగొట్టేదాన్ని. అయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "జక్కయ్యా, నోరు మూసుకుని పడుకో. ముందు బతికి రా" అన్నారు. ఆయన్ని నోరు మూసుకోమన్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆయన విన్నది మాత్రం అప్పుడే.

బతికి వచ్చాడు. నెత్తురు ఆగింది. కిడ్నీ నిలిచింది. కళ్ళు తెరిచాక మొదట అక్కని వెతుక్కున్నాడు. అక్క ఏమీ తిట్టలేదు, పాలిపోయిన ఆ చేతిని తన చెంపకి ఆనించుకుని చాలాసేపు ఉండిపోయింది. మళ్ళీ మీరు అనడం మొదలుపెట్టింది గానీ, అవసరమైతే నువ్వు అనే ఆ రెండో మాట ఉందని బావకి తెలిసిపోయింది. కాస్త ఓపిక రాగానే పక్క మంచాల వాళ్ళ జబ్బులన్నీ కనుక్కుని, ఆ వార్డుకంతటికీ తానే మైకయ్యాడు. నర్సులు విసుక్కునేవాళ్ళు. నాకు ఆ విసుగు వినడం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

స్టెంటు కూడా తీయించుకున్నాక ఒక ఆదివారం చర్చికొచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. అందరూ చుట్టూ చేరి పలకరించారు. కొట్లో కళ్ళు తిరిగాయట కదా అన్నవాళ్ళున్నారు, కామెర్లట కదా అన్నవాళ్ళున్నారు. అక్కా నేనూ అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు, అయ్యగారూ కిరీటీ కూడా పెదవి విప్పలేదు. బావ ఊరుకుంటే అంతటితో అయిపోయేది.

"వదిలెయ్యండి, మీరేం చెప్పొద్దు" అంది అక్క గుమ్మంలోనే.

పాటలయ్యాక అయ్యగారు, దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. బావ లేచాడు. మైకు అందుకుంటే ఎప్పుడూ దగ్గి, ఊది, ముందో జోకు వేస్తాడు. ఆ రోజు అవేవీ లేవు.

"పోయినసారి నేను తొందరపడి చెప్పాను" అన్నాడు. "నెత్తురు చుక్క కారలేదన్నాను. ఆ తర్వాత కారింది. చాలా కారింది. డాక్టరు గారు రమ్మన్నారు, నేను పోలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఎందుకంటే మీ అందరికీ బాగైపోయానని చెప్పేశాను కదా. మళ్ళీ జబ్బంటే దేవుడికి మచ్చొస్తదని దాచిపెట్టాను. అలా దాచి చావబోయాను."

ఆడవాళ్ళలో కూర్చున్న అక్క వైపు తిరిగాడు.

"మా కృప ఒక మాటంది. దేవుడి పరువు దేవుడు చూసుకుంటాడంది. అది నిజమండీ. నా అబద్ధంతో ఆయనకి పనిలేదు. నన్ను కాపాడాడు. కారేసుకొచ్చిన కిరీటితో కాపాడాడు, నెత్తురిచ్చిన అయ్యగారితో కాపాడాడు, డాక్టరు గారితో కాపాడాడు. నా సాక్ష్యం ఇదే. పోయినసారి చెప్పింది మీరు మర్చిపోండి."

అని నిలబడిపోయాడు. నవ్వుతారని చూస్తున్నాడు. ఊళ్ళో ఎంతమందినో నవ్వించిన ఆ మొహం, ఇప్పుడు ఎవరు ముందు నవ్వుతారా అని భయంగా వెతుకుతోంది. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. లేచి వెళ్ళి పక్కన నిలబడదామనుకున్నాను.

నాకంటే ముందు ఆడవాళ్ళ వైపు, ముందు వరసలో చాప మీద కూర్చున్న అమలమ్మ పిన్ని కదిలింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఊళ్ళో సగం పిల్లలు ఆమె చేతి అన్నం తినే పెరిగారు. పోయిన క్రిస్మస్ ముందు కూడికలో, తన షుగరు జబ్బు ప్రార్థనతో పూర్తిగా పోయిందని ఆమె సాక్ష్యం చెప్పింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత మాత్రలు వేసుకుంటోందో లేదో ఒక్కరం కూడా అడగలేదు.

ఆమె చీర అంచు కాస్త పైకి లాగి, పాదానికి చుట్టిన పాతగుడ్డ మెల్లగా విప్పింది. బొటనవేలు నల్లబడిపోయి ఉంది. పక్కనున్న ఆడవాళ్ళు అయ్యో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

బావ మైకు నేల మీద పెట్టేశాడు. వచ్చి ఆమె ముందు చాప మీద చతికిలబడ్డాడు.

"ఎంత పని చేశావు పిన్నీ! ఎవరికైనా ఒక్క మాట చెప్పొద్దా?"

అమలమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"అందరి ముందూ తగ్గిపోయిందని చెప్పేశాను కదరా" అంది. "ఇంకెవరికి చెప్పుకోను?"